రక్తం ఇచ్చారు సరే, రిపోర్టు ఎవరిస్తారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో ఎవరికో జవాబిస్తూ నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు రాశాను. లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఒక ఆసుపత్రిలో, రీసెర్చ్ కోసం రక్తం, బయాప్సీ ముక్కలు ఇచ్చే రోగులకి కన్సెంట్ ఫారం స్పానిష్‌లో విడమరిచి చెప్పడం నా పని. మెక్సికో, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. దాంతో ఈసారి ఉత్తరాలన్నీ అటే తిరిగాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా బాబుని చూసుకునే ఆవిడది హోండురాస్. పోయిన ఏడాది ఒక ఆసుపత్రిలో షుగర్ మీద స్టడీ అంటే వెళ్లి రక్తం ఇచ్చొచ్చారు. ఇప్పటిదాకా ఫోన్ లేదు. "ఏదైనా ఉంటే పిలిచేవాళ్లుగా, అంటే నాకేం లేదు" అని ధీమాగా ఉన్నారు. వాళ్లమ్మకీ అక్కకీ షుగర్ ఉందట. ఫారం తెచ్చి నాకు చూపించారు, పదిహేను పేజీలుంది. ఏం చెప్పమంటారు?
— ఓ పాఠకురాలు, హ్యూస్టన్

ముందు ఆ ఫారం పక్కన పెట్టి ఆవిడకి షుగర్ ఉందో లేదో చెప్పే ఏ1సీ టెస్టు చేయించండి. ఇన్సూరెన్స్ లేకపోతే దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లమనండి, అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు ఉంటుంది. తల్లికీ అక్కకీ ఉన్నప్పుడు ఇది వాయిదా వేసే పని కాదు.

ఫోన్ రాకపోవడానికీ ఆవిడకి షుగర్ లేకపోవడానికీ ఏ సంబంధమూ లేదు. ఆ రక్తాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోకపోయి ఉండొచ్చు కూడా.

రక్తం తీసే గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. డాక్టరు రాసిన పరీక్షలతో పాటే స్టడీకి కూడా తీసే రోజుల్లో కుర్చీ ఒకటే, చెయ్యి ఒకటే, సూదీ ఒకటే. ఒక్కసారి గుచ్చి వరసగా ట్యూబులు మారుస్తారు. బంగారు రంగు మూత ట్యూబు కిడ్నీ, లివర్ పరీక్షలకి. ఊదా మూతది బ్లడ్ కౌంట్‌కి. ఈ రెండింటి మీదా రోగి పేరు, పుట్టిన తేదీ ఉన్న స్టిక్కర్ అంటిస్తారు. ఆ వెంటనే అదే ఊదా మూతతో ఇంకో రెండు నింపుతారు. వాటి మీద పేరుండదు, బార్‌కోడ్ ఒక్కటే ఉంటుంది. నాలుగూ ఒకే ట్రేలో పక్కపక్కన ఉంటాయి. మొదటి రెండూ కింద అంతస్తులో ఉన్న ల్యాబ్‌కి వెళ్లి సాయంత్రానికో మర్నాటికో రిపోర్టు అవుతాయి. మిగతా రెండూ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండొచ్చు. కుర్చీలో చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్న మనిషికి ఈ తేడా ఎవరైనా చెప్తే తప్ప ఎలా తెలుస్తుంది? పుట్టినప్పటి నుంచీ ఆసుపత్రిలో తన రక్తం ఎవరు తీసినా తన జబ్బు కోసమే తీశారు. కాబట్టి ఆవిడ అలా అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు.

ఫ్రీజర్‌లో పెట్టినదాన్ని సరిపడా మంది చేరాకే బయటికి తీస్తారు. అప్పుడు కూడా వాళ్లు చూసేది ఆవిడ షుగర్ ఎంతుందని కాదు, వేలమందిలో ఫలానా జన్యువు ఉన్నవాళ్లకి షుగర్ ఎక్కువగా వస్తోందా అని. పైగా ల్యాబుల నాణ్యత కోసం వచ్చిన 1988 నాటి క్లియా చట్టం ప్రకారం, రోగికి అతని ఫలితం ఇవ్వాలంటే ఆ ల్యాబ్‌కి సర్టిఫికెట్ ఉండాలి. చాలా రీసెర్చ్ ల్యాబులకి అది ఉండదు. అంటే అక్కడున్న శాస్త్రవేత్తకి ఏదైనా కంటపడినా, ఫోన్ తీసి "అమ్మా, మీకు ఫలానా ఉంది" అని చెప్పేసే వీల్లేదు.

అన్ని స్టడీలూ ఇంత మౌనంగా ఉంటాయని కాదు. 2018 మే నెలలో దేశమంతటా మొదలైన 'ఆల్ ఆఫ్ అస్' అనే ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన కార్యక్రమం అడిగినవాళ్లకి కొన్ని జన్యు ఫలితాలు చెప్తుంది. ఆవిడ చేరింది ఏ రకమో ఫారంలోనే ఉంటుంది. పదిహేను పేజీలూ చదవక్కర్లేదు. 2019 జనవరి నుంచి పాటించాల్సి వచ్చిన కొత్త 'కామన్ రూల్' (మనుషుల మీద చేసే పరిశోధనలకి ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన నిబంధనలు) ప్రకారం ముఖ్యమైన సంగతులు మొదట్లోనే క్లుప్తంగా పెట్టాలి. శాంపిళ్లు తీసుకునే స్టడీ అయితే ఇంకో మూడు కూడా రాయాలి: ఆరోగ్యానికి పనికొచ్చే ఫలితాలు మీకు చెప్తారా లేదా, శాంపిల్‌తో ఎవరైనా డబ్బు సంపాదిస్తే అందులో మీకు వాటా ఉందా లేదా, మీ జన్యువులన్నిటినీ చదివే అవకాశం ఉందా లేదా. ఆవిడకి కావాల్సింది మొదటిది. ఫారంలో ఎక్కడో ఒక ఫోన్ నంబరు కూడా ఉంటుంది, స్టడీవాళ్లది. చేసి అడగమనండి. చేరినవాళ్లు ఎప్పుడైనా ఫోన్ చేసి ఏదైనా అడగొచ్చు, మానేస్తాననీ చెప్పొచ్చు. చాలామంది ఆ నంబరుని అలంకారానికి వేశారనుకుంటారు.

ప్రశ్న: మేడమ్, నేను నర్సింగ్ మూడో సంవత్సరం. లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలవాళ్లు) రీసెర్చ్‌ని నమ్మరని, దానికి చరిత్రే కారణమని మా ప్రొఫెసర్ చెప్పారు. కానీ క్లినిక్‌లో చూస్తే అడిగిన ప్రతివాళ్లూ "సరే" అనే అంటున్నారు. ఏది నిజం?
— విద్యార్థిని, సాన్ ఆంటోనియో

మీ ప్రొఫెసర్‌గారు చెప్పిన చరిత్ర నిజమేనమ్మా. 1946 నుంచి 1948 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ డాక్టర్లు గ్వాటెమాలాలో ఖైదీలకీ సైనికులకీ మానసిక రోగులకీ కావాలని సిఫిలిస్ అంటించారు. ఆ సంగతి 2010లో బయటపడితే ఒబామా క్షమాపణ చెప్పారు. గర్భనిరోధక మాత్రని 1956లో ప్యూర్టోరికోలో పేద ఆడవాళ్ల మీద పరీక్షించారు, అది ప్రయోగమని వాళ్లకి చెప్పలేదు. మా కౌంటీలోనే 1970 ప్రాంతంలో ప్రభుత్వాసుపత్రిలో పురిటి నొప్పులు పడుతున్న మెక్సికన్ ఆడవాళ్ల చేత ఇంగ్లిష్ కాగితాల మీద సంతకాలు పెట్టించి ట్యూబెక్టమీ చేసేశారు. పదిమంది కోర్టుకెక్కారు. అదే మాడ్రిగల్ కేసు. 1978లో తీర్పు వాళ్లకి వ్యతిరేకంగానే వచ్చింది. అయినా ఆ గొడవ వల్లే స్పానిష్ ఫారాలు, సంతకానికీ ఆపరేషన్‌కీ మధ్య గడువు లాంటివి వచ్చాయి. నేను రోజూ పట్టుకు తిరిగే స్పానిష్ ఫారం వెనక ఆ ఓడిపోయిన ఆడవాళ్లున్నారు.

ఇదంతా క్లాసుల్లో విన్నాను, కాన్ఫరెన్సుల్లో విన్నాను. నా టేబుల్ ముందు కూర్చున్న రోగుల నోట మాత్రం వినలేదనే చెప్పాలి. అక్కడ వినిపించేది ఒకటే: "మీరు చెప్తే సరే డాక్టర్." నేను డాక్టర్ని కాను. ఆ మాట చెప్తాను, తలూపుతారు, రెండు నిమిషాలకి మళ్లీ డాక్టర్‌ని అయిపోతాను.

నా అనుభవంలో అసలు చిక్కు అపనమ్మకంతో కాదు, అతి నమ్మకంతో. ఆసుపత్రి అడిగిందంటే నా మంచికే అడిగి ఉంటుంది అనే నమ్మకం. రీసెర్చ్‌ని వైద్యం అనుకునే ఈ పొరపాటుకి పాల్ ఆపెల్‌బామ్ అనే సైకియాట్రిస్టూ ఆయన తోటివాళ్లూ 1982లోనే ఒక పేరు పెట్టారు, ఆ పేరు మీ పాఠంలోనే ఉంటుంది. అది లాటినోలకే పరిమితం కాదు, ఇంగ్లిష్ తప్ప ఇంకోటి రాని పెద్ద చదువులవాళ్లలోనూ చూశాను. కాకపోతే ఇక్కడ ఇంకో బరువు కలుస్తుంది. స్పెషలిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలలు పట్టింది. ఇప్పుడు ఆ స్పెషలిస్టే నవ్వుతూ "ఓ చిన్న స్టడీ ఉంది" అంటే, వద్దని చెప్పి ఆయన మనసు కష్టపెట్టి, వచ్చే అపాయింట్‌మెంట్ ఏమవుతుందోనని టెన్షన్ పడటం ఎవరికి కావాలి?

ఒకాయన గుర్తొస్తున్నారు. మెక్సికోలోని ఒహాకా నుంచి వచ్చి ఇళ్లకి రూఫింగ్ పని చేసేవారు, లివర్ జబ్బు. ఫారం మొత్తం చెప్పాను. అర్థమైందా అంటే అర్థమైందన్నారు. పెన్ను తీసుకున్నారు. "ఇంటికెళ్లాక మీ ఆవిడ అడిగితే ఈ రక్తం ఎందుకిచ్చానని చెప్తారు?" అన్నాను. "నా లివర్‌లో ఏముందో ఇంకా లోతుగా చూసి మందు మారుస్తారట అని చెప్తా" అన్నారు. అంత స్పష్టంగా! పెన్ను ఆయన చేతిలోంచి తీసుకుని మళ్లీ మొదటికొచ్చాను. ఈసారి ఫారం తెరవలేదు. నాలుగు ఖాళీ ట్యూబులు టేబుల్ మీద పెట్టి, రెండు ఆయన వైపు జరిపి "ఇవి మీవి, వీటి ఫలితం మీ డాక్టరు చెప్తారు" అన్నాను. మిగతా రెండు నా వైపు లాక్కుని "ఇవి మీకు కాదు. వీటి గురించి మీకెవరూ ఫోన్ చెయ్యరు. మీ మందు వీటి వల్ల మారదు. ఇవ్వకపోయినా మీ వైద్యం ఇలాగే నడుస్తుంది" అన్నాను. కాసేపు ఆ నా వైపు ట్యూబుల్నే చూసి, "మరి ఎవరికి పనికొస్తాయి?" అని అడిగారు. ఆ రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఇచ్చారా లేదా అంటే, ఇంట్లో అడిగి చెప్తానని వెళ్లి, తర్వాతి వారం కూతుర్ని వెంటబెట్టుకొచ్చి ఇచ్చారు.

కాబట్టి మీరు నర్సు అయ్యాక "అర్థమైందా?" అని అడగడం మానెయ్యండి. ఆ ప్రశ్నకి మర్యాద తెలిసినవాళ్లెవరూ కాదని చెప్పరు. ఇంకొకటి, ఇది నా సొంత అభిప్రాయం, మా ఆసుపత్రిలో చాలామందికి నచ్చదు: వైద్యం చేసే డాక్టరు తన రోగి చేత రీసెర్చ్ సంతకం తానే పెట్టించుకోకూడదు. అదే రోజు, అదే గదిలో అసలే వద్దు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానన్నవాళ్లని చూసి మొహం ముడుచుకోవడం అంతకన్నా వద్దు. సంతకాలు తగ్గిపోతాయని వాళ్ల భయం. తగ్గనివ్వండి.

ప్రశ్న: మా పక్కింటివాళ్లు సాల్వడోరియన్లు. డీఎన్‌ఏ ఇస్తే ఇమిగ్రేషన్‌వాళ్ల చేతికి వెళ్తుందని వాళ్ల భయం. అనవసర భయమే కదా?
— కె.వి.ఆర్., ఫ్రెస్నో

అనవసరం అని తీసిపారెయ్యకండి. 2020 నుంచి ఇమిగ్రేషన్ నిర్బంధంలో ఉన్నవాళ్ల బుగ్గ లోపల స్వాబ్ పెట్టి డీఎన్‌ఏ తీసుకుని ఎఫ్‌బీఐ డేటాబేస్‌కి పంపుతున్నారు. చుట్టాల్లో ఒక్కరికి అది జరిగి ఉన్నా చాలు, ఆసుపత్రిలో స్వాబ్ చూడగానే గుండె ఝల్లుమంటుంది. రెండూ వేరని మనం ఎంత తేలిగ్గా చెప్పినా వాళ్లకి కనిపించేది అదే దూది పుల్ల.

రెండూ వేరే, అందులో అనుమానం లేదు. ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనలకి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ) డబ్బుతో నడిచే స్టడీలకి 2016 నాటి చట్టం ప్రకారం 'సర్టిఫికెట్ ఆఫ్ కాన్ఫిడెన్షియాలిటీ' దానంతటదే వర్తిస్తుంది. మీరెవరో తెలిసేలా ఉన్న రీసెర్చ్ వివరాల్ని, మీ అనుమతి లేకుండా, కోర్టు కేసుల్లో బయటపెట్టమన్నా స్టడీవాళ్లు ఇవ్వకూడదు. మామూలు వైద్యం రికార్డుకి ఇంత గట్టి కవచం లేదు, వింతగా ఉన్నా అంతే. ఇక 2008 నాటి జినా చట్టం ప్రకారం జన్యు సమాచారం చూసి హెల్త్ ఇన్సూరెన్స్‌వాళ్లు గానీ పదిహేను మందికి తక్కువ కాని కంపెనీల యజమానులు గానీ వివక్ష చూపకూడదు. లైఫ్ ఇన్సూరెన్స్, డిజెబిలిటీ ఇన్సూరెన్స్ ఈ చట్టం కిందికి రావు. ఆ కన్నం గురించి కూడా చెప్పండి.

"ఈ స్టడీకి ఆ సర్టిఫికెట్ ఉందా?" అని వాళ్లనే అడగమనండి. ఉంటే ఫారంలో రాసి ఉంటుంది. నాకైతే ఈ ప్రశ్న అడిగే మనిషి కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే తన రక్తం తన గది దాటి బయటికి వెళ్తోందని అర్థమైనవాళ్లే ఈ మాట అడుగుతారు.

ప్రశ్న: నాతో పనిచేసే మెక్సికన్ అమ్మాయికి గాల్‌బ్లాడర్ తీసేశారు. తీసిన ముక్కని తనని అడక్కుండా రీసెర్చ్‌కి వాడుకోవచ్చా? పారేస్తారనుకుందట.
— ఓ పాఠకుడు, ఫీనిక్స్

మొత్తం పారెయ్యరు. తీసినదాంట్లోంచి చిన్న చిన్న ముక్కలు కోసి మైనంలో దించి పాథాలజీలో భద్రం చేస్తారు. ఆ మైనపు దిమ్మల్ని కనీసం రెండేళ్లు, వాటి పల్చటి పొరలు అంటించిన గాజు పలకల్ని పదేళ్లు ఉంచాలని నిబంధన. రేపు ఏదైనా అనుమానమొస్తే మళ్లీ చూడటానికి అన్నమాట. అక్కడిదాకా అది ఆమె కోసమే.

ఆ తర్వాత మిగిలినదాని మీద పేరు, వివరాలు తీసేసి పరిశోధకుడికి ఇస్తే, ఫెడరల్ నిబంధనల ప్రకారం ఆమెని విడిగా అడగక్కర్లేదు. పేరు లేకపోతే అక్కడ 'మనిషి' లేడని వాళ్ల లెక్క. ఇది మార్చి అన్ని శాంపిళ్లకీ అనుమతి తప్పనిసరి చెయ్యాలని 2015లో ప్రభుత్వమే ప్రతిపాదించింది. పరిశోధన సంస్థల నుంచి వ్యతిరేకత వచ్చింది, 2017లో ఖరారైన నిబంధనల్లో ఆ మాట ఎగిరిపోయింది. నాకు ఇప్పటికీ నచ్చని నిర్ణయం అది.

అడక్కుండా వాడితే ఏమవుతుందో టెక్సస్‌లో చూశాం. పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ దగ్గర గుచ్చి జబ్బుల పరీక్షకి తీసే రక్తపు చుక్కల కార్డుల్ని ఆ రాష్ట్రం దాచిపెట్టి పరిశోధనలకి ఇచ్చింది. 2009లో తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. చివరికి 50 లక్షలకు పైగా కార్డుల్ని నాశనం చెయ్యాల్సొచ్చింది. ముందే ఒక్క మాట అడిగి ఉంటే చాలామంది సరేననేవాళ్లు. ఇప్పుడు అక్కడ అడుగుతున్నారు.

ఆమె ఆపరేషన్ ముందు సంతకం చేసిన కాగితాల్లో మిగిలిన కణజాలం గురించి ఒక పేరా ఉండే ఉంటుంది. కాపీ తెప్పించుకోమనండి.

ప్రశ్న: రక్తం ఇస్తే 25 డాలర్లు ఇస్తారట. అంటే అమ్ముకున్నట్టేనా?
— సాక్రమెంటో

కాదు. రాకపోకలకీ సమయానికీ ఇచ్చేది. రేపు ఆ శాంపిల్‌తో మందు తయారై కోట్లు వచ్చినా వాటా రాదు. 1990లో మూర్ అనే రోగి వేసిన కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు శరీరం నుంచి తీసేసిన కణాల మీద రోగికి ఆస్తి హక్కు లేదని తేల్చేసింది. కాకపోతే డాక్టరుకి అందులో డబ్బు ఆశ ఉంటే ముందే చెప్పి తీరాలంది.

ప్రశ్న: మీ మాటలు చదివితే ఎవరూ ఇవ్వకపోవడమే మంచిదేమో అనిపిస్తోంది. పాపం వాళ్లని వదిలెయ్యకూడదా?
— ఎస్. లక్ష్మి, షికాగో

అయ్యో, నేను చెప్పింది అది కాదండీ. వదిలేస్తే నష్టపోయేది వాళ్లే. 2016 నాటికి జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో అయిదింట నాలుగు వంతుల మంది యూరప్ మూలాలవాళ్లే. ఫ్యాటీ లివర్ లాటినోల్లో ఎందుకంత ఎక్కువో 2008 దాకా సరిగ్గా అంతుబట్టలేదు. డాలస్‌లో అన్ని జాతులవాళ్ల రక్తమూ తీసుకున్న ఒక స్టడీలో పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో మార్పు దొరికింది, అది హిస్పానిక్‌లలోనే ఎక్కువ. మెక్సికన్లలో షుగర్ ముప్పు పెంచే ఇంకో జన్యు మార్పు 2014 ప్రాంతంలో తేలింది, అది నియాండర్తల్ మనుషుల నుంచి వచ్చిందట! ఇవన్నీ ఎవరో కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే తెలిసినవే. మీ షికాగోలోనే, బ్రాంక్స్, మయామీ, శాన్‌డియేగోలతో కలిపి 2008–2011 మధ్య 16,415 మంది లాటినోలు ఒక పెద్ద స్టడీలో చేరారు. అందరినీ 'హిస్పానిక్' అని ఒకే గాటన కట్టెయ్యడం ఎంత తప్పో, క్యూబన్‌కీ ప్యూర్టోరికన్‌కీ మెక్సికన్‌కీ జబ్బుల్లో ఎంత తేడా ఉందో దాని వల్లే బాగా తెలిసింది.

ఇవ్వాలి, కానీ తనకి కాదని తెలిసి ఇవ్వాలి. మా ఒహాకా ఆయన లాగా.

ప్రశ్న: మా పాప స్నేహితురాలికి పద్నాలుగేళ్లు. వాళ్లమ్మకి ఇంగ్లిష్ రాదు. ఆసుపత్రిలో రీసెర్చ్ ఫారం ఆ పిల్ల చేతే చదివించి చెప్పించారట. ఇది పద్ధతేనా?
— ఓ తల్లి, డెన్వర్

కాదు. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరంలో తప్ప పిల్లల చేత అనువాదం చేయించకూడదని అఫర్డబుల్ కేర్ యాక్ట్ కింద నిబంధన ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాలి, ఫోన్‌లో అయినా సరే, పైసా తీసుకోకుండా. వాళ్లమ్మని మళ్లీ వెళ్లి ఇంటర్‌ప్రెటర్‌తో మొత్తం మొదటి నుంచి చెప్పించుకోమనండి. నచ్చకపోతే పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవచ్చు. ఒక చిట్కా: ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. అక్కడికెళ్లాక అడిగితే గంట కూర్చోబెడతారు, ఆ గంట తర్వాత విసుగొచ్చి మళ్లీ పిల్లనే పిలుస్తారు.